చిటికెడుకు ఎన్ని గ్రాములు? జలుబు, దగ్గు మందుల ప్రాజెక్టు డైరీ

నవంబరు, మొదటి వారం

మా ఇంట్లో జలుబుకు, దగ్గుకు, ముక్కు దిబ్బడకు వాడే మందులన్నీ అత్తయ్య చేతి వాటంలోనే ఉన్నాయి. "కాస్త శొంఠి", "గుప్పెడు ఆకు", "బాగా మరిగాక దించెయ్". ఇవీ ఆవిడ కొలతలు. హైదరాబాదులో ఉన్న మా అమ్మాయి ఫోను చేసినప్పుడల్లా ఈ మాటలే అటు వెళ్తాయి, అక్కడ ప్రతిసారీ వేరే రుచి, వేరే ఘాటు తేలుతుంది. అందుకని ఈ చలికాలమూ, దాని వెనకే వచ్చే మిర్చి సీజనూ ముగిసేలోగా వీటన్నిటినీ గ్రాముల్లో, మిల్లీలీటర్లలో రాసిపెట్టాలని మొదలుపెట్టాను. రాయడం ఒక్కటే కాదు. ఒక్కొక్కటీ చేసి, వాడి, ఏది దేనికి పనికొస్తుందో చూడాలి. ప్రమాదమైనది ఉంటే ఎంత పాతదైనా పుస్తకంలోకి రానివ్వకూడదు. ఈ చివరి షరతు అత్తయ్యకు ఇంకా చెప్పలేదు.

సరంజామా పెద్దగా ఏమీ లేదు. నగల కొట్లలో వాడే రకం చిన్న కాటా, గీతలున్న గాజు గ్లాసు, పల్చటి నూలు గుడ్డ, కల్వం, ఒక లావు నోటుపుస్తకం. మావారు మిర్చి యార్డులో ఒక కమిషన్ దుకాణంలో గుమాస్తా. కాటా చూసి, "టిక్కీలు తూచేవాడి ఇంట్లో చిటికెలు తూస్తారా" అని నవ్వారు. టిక్కీ అంటే మిరపకాయల బస్తా. ఈ ప్రాజెక్టుకు అసలు అవసరం ఆయన ముక్కే. ఫిబ్రవరి నుంచి మే దాకా గుంటూరులో ఎండుమిరప ఘాటుకు తుమ్మకుండా ఉండేవాళ్ళు తక్కువ. రోజంతా యార్డులోనే ఉండే మనిషి సంగతి చెప్పనక్కరలేదు.

నవంబరు, రెండో వారం: ఉప్పునీళ్ళు

అన్నిటికంటే తేలికైనదీ, మూలిక అంటూ ఏదీ లేనిదీ ముందు పట్టుకున్నాను. హఠయోగంలో చెప్పే ఆరు శుద్ధిక్రియల్లో నేతి, అంటే ముక్కు శుభ్రం చేసుకోవడం, ఒకటి. నీళ్ళతో చేస్తే జలనేతి. మామయ్యగారు కొమ్ము ఉన్న ఇత్తడి చెంబుతో రోజూ జలనేతి చేసేవారట. ఆ చెంబు అటక మీద దొరికింది. చింతపండు పెట్టి తోమాం.

కొలత: లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు. పావు లీటరుకు రెండుంపావు గ్రాములు. మన ఒంట్లోని ద్రవాల్లో ఉప్పదనం దాదాపు ఇంతే కాబట్టి ముక్కు లోపలి పొర దీన్ని పరాయిదిగా చూడదు. ఉప్పు తగ్గితే మంట, ఎక్కువైతే ఇంకో రకం మంట. చెరువులో మునిగినప్పుడు మంచినీళ్ళే అయినా ముక్కులోకి పోతే చురుక్కుమనేది ఇందుకే. అత్తయ్య లెక్క "చెంబుకు ఒక చెంచా". చెంచా ఇక్కడ మోసం చేస్తుంది. చెంచాడు మెత్తటి ఉప్పు దాదాపు 6 గ్రాములు తూగుతుంది, అదే చెంచాలో కల్లుప్పు అంత పట్టదు. పొడి ఉప్పుతో అత్తయ్య లెక్క పాటిస్తే పావు లీటరు చెంబులో కావలసినదానికి రెండింతలకు పైగా పడుతుంది. మా ఇంట్లో వాడేది చినగంజాం వైపు నుంచి వచ్చే కల్లుప్పు. అందులో సన్నటి మట్టి ఉంటుంది కాబట్టి కరిగించి, గుడ్డలో వడగట్టి, ఆ తర్వాతే మరిగించాలి.

నీళ్ళ విషయంలో రాజీ లేదు. కుళాయి నీళ్ళు తాగడానికి ఎంత మంచివైనా ముక్కులోకి నేరుగా పోయకూడదు. కడుపులోకి పోతే ఏమీ చేయని నేగ్లేరియా అనే అమీబా ముక్కు గుండా మెదడుకు పాకితే మనిషి బతకడం కష్టం. కేరళలో ఈమధ్య ఇలాంటి జబ్బుల వార్తలు వరసగా చదివాం. కాబట్టి నీళ్ళు కళపెళా మరిగాక కూడా ఒక నిమిషం పొయ్యి మీద ఉంచి, మూతపెట్టి, గోరువెచ్చగా అయ్యాక వాడాలి. చెంబు కూడా ప్రతిసారీ వేడినీళ్ళతో కడిగి బోర్లించాలి.

చేసే తీరు మావారి మీదే చూశాను. సింకు మీదకు వంగి, తల పక్కకు వాల్చి, నోరు తెరిచి నోటితోనే గాలి పీలుస్తూ పై ముక్కురంధ్రంలో కొమ్ము ఆనించాలి. రెండు మూడు క్షణాలు ఏమీ జరగదు. తర్వాత కింది రంధ్రం నుంచి ముందు బొట్లుగా, ఆపైన సన్నటి ధారగా వస్తుంది. మొదట వచ్చే నీళ్ళతో పాటు యార్డు దుమ్ము, చీమిడి కలిసి ఇటుక రంగులో పడ్డాయి. మాట్లాడితే గొంతులోకి దిగుతుంది. ఆయన మధ్యలో ఏదో చెప్పబోయి ఉక్కిరిబిక్కిరయ్యారు. అయ్యాక నడుము వంచి, తల అటూ ఇటూ తిప్పి నీళ్ళు కారనివ్వాలి. ముక్కు రెండు వైపులా మూసి గట్టిగా చీదితే నీళ్ళు చెవి వైపు తోసుకుపోతాయి. ఒక్కో వైపు, మెల్లగా చీదాలి.

పుస్తకంలో మొదటి పేజీ దీనికే ఇచ్చాను. "అది మందా అమ్మాయ్, మొహం కడుక్కోవడం" అన్నారు అత్తయ్య. ఆ మాట ఆవిడ చిన్నచూపుతో అన్నారు, నాకు మాత్రం అదే దాని గొప్పతనం అనిపించింది.

డిసెంబరు: త్రికటు, ఆవిడ వేళ్ళు

పట్నంబజారుకు అత్తయ్యతో కలిసి వెళ్ళాను. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, అతిమధురం, కరక్కాయలు. శొంఠి కొమ్మును విరిచి చూడమన్నారు. ఫెళ్ళున విరిగి, లోపల పీచు తక్కువగా, లేత పసుపు రంగులో ఉంటే మంచిది. సున్నం పట్టించి తెల్లగా మెరిసేది వద్దు. పిప్పళ్ళు నలుపు తిరిగిన బూడిద రంగులో, గట్టిగా ఉండాలి. వేలితో నొక్కితే పొడి రాలేవి పురుగు పట్టినవి. పక్కనే మోడి కూడా ఉంది. అది పిప్పలి తీగ వేరు, మన విశాఖ మన్యంలో ఆ వేరు కోసమే పిప్పలి పండిస్తారు. ఈసారికి దాన్ని తీసుకోలేదు.

శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు సమానంగా తూచి, సన్నటి సెగ మీద వేడి చేసి, దంచి, గుడ్డలో జల్లిస్తే త్రికటు చూర్ణం. కొలత తేలికే. కష్టం వాడకం దగ్గర వచ్చింది. "మూడు వేళ్ళ చిటికెడు తేనెలో" అన్నారు అత్తయ్య. కాటా మీద కాగితం పరిచి, ఆ చిటికెడు దాని మీద వేయమన్నాను.

"చిటికెడు చిటికెడే. తూచేది ఏముంది?"

"మీకు తెలుసు అత్తయ్యా. హైదరాబాదు వేళ్ళకు తెలియాలిగా."

వేశారు. అర గ్రాము. తుడిచి మళ్ళీ వేయమన్నాను. అర గ్రాము మీద రవ్వంత. ఎన్నిసార్లు అడిగినా అంకె అక్కడక్కడే తిరిగింది. నేను వేస్తే ఒకసారి 0.3, ఇంకోసారి 0.9. ఆవిడ బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కొసలు మాత్రమే కలుస్తాయి, పొడి గోళ్ళ దాకా పోదు. నేను వేళ్ళ కడుపులతో పట్టుకుంటున్నాను. తేడా అంతా అక్కడే. పుస్తకంలో "అర గ్రాము" అని రాసి, పక్కన వేళ్ళ బొమ్మ వేశాను. ఆ సాయంత్రం పక్కింటావిడకు అత్తయ్య స్వయంగా కాటా చూపించి తన చిటికెడు గురించి చెప్పడం విన్నాను.

దగ్గు తెరలు తెరలుగా వచ్చి, కఫం కదలని రోజున రాత్రి పడుకోబోయే ముందు ఇది గొంతుకు హాయిగా ఉంటుంది. కడుపులో మంట ఉన్నవాళ్ళకు వద్దు. ఏడాది నిండని పిల్లలకు తేనె నాకించనే కూడదు. తేనెలో ఉండగల ఒక రకం సూక్ష్మజీవి బీజాలు ఆ వయసు పేగుల్లో మొలకెత్తి విషం పుట్టిస్తాయి. ఈ వాక్యం ఎర్ర సిరాతో రాశాను.

సితోపలాది చూర్ణం కూడా రాద్దామనుకున్నాను. పాళ్ళు చూస్తే ముచ్చటేస్తుంది. పటికబెల్లం 16, వంశలోచనం 8, పిప్పళ్ళు 4, ఏలకులు 2, దాల్చినచెక్క 1. ఒక్కొక్కటీ ముందుదానిలో సగం. కానీ మొత్తం 31 పాళ్ళలో 16 చక్కెరే, మావారికి షుగరు ఉంది. పైగా వెదురు బొంగు లోపల గడ్డకట్టే అసలు వంశలోచనం దొరకడం అరుదు, కొట్లలో ఆ పేరుతో అమ్మేది చాలావరకు కృత్రిమం. వదిలేశాను.

అతిమధురం గురించి చిన్న గొడవ. గొంతు గరగరకు అత్తయ్య ఏళ్ళుగా దాని ముక్క బుగ్గన పెట్టుకుంటారు. ఆవిడకు బీపీ మాత్రలు ఉన్నాయి. అతిమధురం ఎక్కువైతే ఒంట్లో ఉప్పు నిలవ ఉండి, పొటాషియం తగ్గి, బీపీ పెరుగుతుంది. డాక్టరు గారు కూడా అదే చెప్పాక డబ్బా నా చేతికి వచ్చింది. మొహం చూస్తే మాత్రం ఇచ్చినట్టు లేదు, లాక్కున్నట్టు ఉంది.

డిసెంబరు చివర: కషాయం

దీని మీద నా అభిప్రాయం కాస్త కటువుగానే ఉంటుంది. 2020 నుంచి ప్రతి ఇంట్లో వంటింట్లో కనిపించినవన్నీ ఒకే గిన్నెలో వేసి మరిగించి తాగడం అలవాటైంది. అప్పుడు ఆయుష్ మంత్రిత్వ శాఖ చెప్పిన పాళ్ళు నిజానికి చాలా మితంగా ఉంటాయి. తులసి 4, దాల్చినచెక్క 2, శొంఠి 2, మిరియాలు 1. ఆ పొడి 3 గ్రాములు, నీళ్ళు 150 మిల్లీలీటర్లు. మన వాళ్ళు దానికి పసుపు, లవంగాలు, వెల్లుల్లి, వాము, చివరికి నిమ్మకాయ కూడా చేర్చి, పూటకో గ్లాసు తాగి, గుండెల్లో మంట అని మళ్ళీ వేరే మాత్ర వేసుకున్నారు.

అత్తయ్య పద్ధతి అలా కాదు. వేర్లు, కొమ్ములు, బెరళ్ళు మరగాలి. ఆకులు మరగకూడదు. దించిన తర్వాత తులసో వామాకో చేత్తో నలిపి వేసి మూత పెట్టాలి. ఆకు వాసనలోనే దాని సత్తువ, మరిగిస్తే అది ఆవిరై వంటిల్లంతా ఘుమఘుమలాడుతుంది, గిన్నెలో మాత్రం ఏమీ మిగలదు.

శార్ఙ్గధర సంహిత అనే పాత ఆయుర్వేద గ్రంథంలో కషాయానికి చెప్పిన లెక్క ఒక వంతు మందుకు పదహారు వంతుల నీళ్ళు, ఎనిమిదో వంతుకు దిగేదాకా మరిగించాలి. అంటే 10 గ్రాములకు 160 మిల్లీలీటర్లు, మిగిలేది 20. గిన్నెలో ఎనిమిదో వంతు ఎలా తెలుస్తుంది? అత్తయ్య దగ్గర పుల్ల ఉంది. ముందు మిగలాల్సినన్ని నీళ్ళే గిన్నెలో పోసి, నిటారుగా పుల్ల ముంచి, తడి ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ గోటితో గంటు పెడతారు. తర్వాత మిగతా నీళ్ళు పోసి మరిగిస్తూ, మధ్య మధ్య పుల్ల ముంచి చూస్తారు. తడి ఆ గంటు దగ్గరికి దిగగానే మంట ఆపేయడమే. గాజు గ్లాసుతో సరిచూశాను, తేడా చెంచాడు కూడా లేదు.

జనవరి, సంక్రాంతి తర్వాత: ఆవిరి, పొగ

భోగి మంటల పొగ, పొద్దున్నే కమ్మే మంచు. మర్నాటికి ఇంట్లో అందరి ముక్కులూ బిగుసుకున్నాయి. ఊరి బయట కాలవ గట్టు నుంచి వావిలాకు తెప్పించాను. ఒక్కో కాడకు మూడు నుంచి ఐదు సన్నటి ఆకులు, అడుగు భాగం బూడిద తెలుపు, నలిపితే ఘాటైన వాసన. బాలింతల స్నానానికి వాడే ఆకే ఇది. లీటరు నీటికి 40 గ్రాముల పచ్చి ఆకు వేస్తే అత్తయ్య "గుప్పెడు"తో సరిపోయింది.

ఆవిరి పడుతున్నంతసేపూ, ఆ తర్వాత కాసేపూ నుదుటి బరువు దిగినట్టు ఉంటుంది. గంట తిరక్కుండా ముక్కు మళ్ళీ మొదటికే వస్తుంది. ఇది మా ఇంటి అనుభవమే కాదు. దీర్ఘకాలంగా సైనస్ బాధ ఉన్న 800 మందికి పైగా మీద ఇంగ్లండులో జరిపిన పరిశోధన 2016లో వెలువడింది. ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కున్నవాళ్ళకు ఆరు నెలల్లో కొంత మేలు కనిపించింది. ఆవిరి పట్టినవాళ్ళకు తలనొప్పి తగ్గింది, అంతకు మించి చెప్పుకోదగ్గ తేడా లేదు. తలభారానికి ఆవిరి అని అత్తయ్య అంటూనే ఉంటారు. ఆవిడ అన్నంత వరకు నిజమే.

కాబట్టి ఆవిరికి పుస్తకంలో చోటు ఉంది, "హాయికి" అన్న శీర్షిక కింద. షరతులు: గిన్నె బల్ల మీద పెట్టాలి, ఒడిలో కాదు. పొయ్యి మీద ఉండగా తల వంచకూడదు. చిన్నపిల్లలకు ఆవిరి పట్టించనే వద్దు, ఈ గిన్నెలు ఒలికే పిల్లల ఒళ్ళు కాలేది. ఆవిరి నీళ్ళలో వేసే నీలగిరి తైలం పెద్దవాళ్ళకైతే రెండు చుక్కలు చాలు. ఆ సీసా, కర్పూరం డబ్బా పిల్లలకు అందని అరలో ఉండాలి, మింగితే మూర్ఛలు వస్తాయి.

ఇక పసుపు కొమ్ము. నేతి దీపం మీద పసుపు కొమ్ము కాల్చి, ఆ పొగ ముక్కుతో పీల్చడం మా ప్రాంతంలో ఇంటింటి వైద్యం. దుగ్గిరాల పసుపు మార్కెట్టు కూతవేటు దూరంలో ఉన్న ఊళ్ళలో కొమ్ములకు కరువా! పొగ తగలగానే కళ్ళ నీళ్ళు, ముక్కు నీళ్ళు ధారగా కారి, దిబ్బడ విడినట్టే ఉంటుంది. కానీ వాచి ఉన్న పొరను పొగ ఇంకా రేపుతుంది, ఉబ్బసం ఉన్నవాళ్ళకు పిల్లికూతలు మొదలవుతాయి. రాయనని చెప్పాను.

"మా అమ్మ నాకు పట్టింది, నేను నీ మొగుడికి పట్టాను. ఎవరికి ఏమైంది?"

"ఆయనకు ఏమైందో ఆయన ముక్కును అడగండి అత్తయ్యా."

రెండు రోజులు ముభావంగా ఉన్నారు.

ఫిబ్రవరి: అడ్డసరం

ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు బాగా నచ్చిన పని. డాబా మీద కుండీలో కిందటేడు గుచ్చిన అడ్డసరం కొమ్మ ఇప్పుడు భుజం ఎత్తు ఉంది. మామిడాకు పోలికతో, కాస్త మెత్తటి ఆకు. పశువులు ముట్టవు కనుక చేలకు కంచెగా వేస్తారు. పచ్చి ఆకు నూరి పిండి చూశాను. గుప్పెడు ఆకుకు నాలుగు బొట్లు. పీచు ఎక్కువ, రసం తక్కువ. శాస్త్రంలో దీనికి పుటపాకం చెప్పింది ఇందుకే. నూరిన ముద్దను ఆకులో చుట్టి, మట్టి మెత్తి, నిప్పుల్లో కాల్చి, అప్పుడు పిండాలి.

డాబా మీద నిప్పులు పెట్టే వీలు లేదు, అత్తయ్య దారి చూపించారు. 100 గ్రాముల ఆకు కల్వంలో కచ్చాపచ్చాగా నూరి, అరటాకులో పొట్లం కట్టి, ఇడ్లీ పాత్రలో ఇరవై నిమిషాలు. పొట్లం విప్పగానే ఆకుపచ్చ రంగు పోయి ఎండుగడ్డి రంగుకు తిరిగింది, ఉడికిన తేయాకు వాసన. వేడి మీదే గుడ్డలో వేసి మెలిపెడితే చిక్కటి రసం జారింది. వేళ్ళకు అంటిన చేదు సబ్బుతో కడిగినా పోలేదు, భోజనంలో ముద్ద ముద్దకీ తగిలింది. మోతాదు పెద్దవాళ్ళకు 10 మిల్లీలీటర్లు, చల్లారాక తేనె కలిపి.

ఈ చేదుకు వంశం పెద్దది. అడ్డసరంలోని వాసిసిన్ అనే పదార్థం ఆధారంగానే బ్రోమ్‌హెక్సిన్ తయారుచేశారు. కఫాన్ని పల్చబరిచే దగ్గు సిరప్పుల్లో ఇప్పటికీ ఉన్న మందు అది. అది ఒంట్లో మారి ఏర్పడే ఆంబ్రాక్సాల్ కూడా విడిగా అమ్ముతారు. మెడికల్ షాపులో సీసా కొంటున్నవాళ్ళు ఒక విధంగా మన చేను కంచె బంధువునే కొంటున్నారు. ఆ బలం ఉంది కనుకే జాగ్రత్తా ఉంది. వాసిసిన్ గర్భసంచిని ముడుచుకునేలా చేస్తుంది, కాబట్టి గర్భిణులు ముట్టకూడదు. ఎర్ర సిరా. ఆడపడుచు కూతురికి అయిదో నెల, దగ్గుతోంది, అందుకని ఈ పేజీ ఫోటో మాత్రం కుటుంబ గ్రూపులో పెట్టలేదు.

పక్క కుండీలో వామాకు గుబురుగా పెరిగింది. మందులోకి పోయినదానికన్నా బజ్జీల్లోకి పోయిందే ఎక్కువ. తూచలేదు.

మార్చి: యార్డు

సీజను ఊపందుకుంది. లారీలు, టిక్కీలు, గాలిలో ఎర్రటి నలుసు. ఇప్పటిదాకా రాసినవాటికి ఇది అసలు పరీక్ష.

మిరప ఘాటు జలుబు కాదు, అలర్జీ కూడా కానక్కరలేదు. అందులోని కాప్సైసిన్ వేడిని, మంటను పసిగట్టే నరాలను నేరుగా తడుతుంది. ముక్కు కారడం, తుమ్ములు, దగ్గు దానికి ఒళ్ళు ఇచ్చే జవాబు. కాబట్టి త్రికటు లాంటి ఘాటు మందులు ఈ రోజుల్లో మావారికి పనిచేయలేదు, గొంతు ఇంకా మండింది. అడ్డసరం కఫం ఉన్న దగ్గుకు గానీ ఈ పొడి దగ్గుకు కాదు. నిలబడింది ఉప్పునీళ్ళు. ఇంటికి రాగానే గడప దగ్గరే చొక్కా మార్చుకుని, స్నానం చేసి, ముక్కు కడుక్కుంటే రాత్రి నిద్ర పడుతోంది. పొద్దున వెళ్ళేముందు వేలికొనతో నువ్వులనూనె ముక్కు అంచు లోపల పల్చగా పూసుకుంటున్నారు. పక్కులు కట్టడం తగ్గింది. చుక్కలుగా పోసుకోవడం వద్దన్నాను, నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే అదో జబ్బు.

వీటన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చింది మందు కాదు, మాస్కు. ముక్కు మీద బిగుతుగా కూర్చునే ఎన్95 పెట్టుకున్న రోజుకూ తువ్వాలు చుట్టుకున్న రోజుకూ పోలికే లేదు. గోదాముల్లో రోజంతా తొడిమలు తీసే ఆడవాళ్ళు చీర కొంగు, పాత గుడ్డ కట్టుకుని కూర్చుంటారు. వాళ్ళకు కషాయాల గురించి చెప్పేవాళ్ళు చాలామంది దొరుకుతారు. మాస్కు కొనిచ్చేవాళ్ళు కావాలి. పుస్తకంలో మూలికల మధ్య మాస్కుకు ఒక పేజీ కేటాయించాను.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు అన్న పేజీ కూడా ఈ నెలలోనే రాశాను. పది రోజులు దాటినా తగ్గని జలుబు, తగ్గినట్టే తగ్గి మళ్ళీ జ్వరంతో తిరగబెట్టింది, కంటి చుట్టూ వాపు, చూపు రెండుగా కనబడడం, ఒక్క వైపు నుంచే దుర్వాసనతో చీము లేదా రక్తం, పిల్లికూతలు, ఆయాసం. ఇందులో ఏది ఉన్నా ఇంటి మందు ఆపి చెవి ముక్కు గొంతు డాక్టరునో, ఛాతీ డాక్టరునో చూడాలి. ఇన్‌హేలరు వాడేవాళ్ళు కషాయం మొదలుపెట్టామని దాన్ని మానకూడదు.

ఏప్రిల్

శుభ్రప్రతి రాయడం అయింది. అమ్మాయికి ఆర్టీసీ కార్గోలో పంపిన పెట్టెలో త్రికటు సీసా, గుడ్డ సంచిలో ఎండబెట్టిన వావిలాకు, అర గ్రాము పట్టే బుల్లి చెంచా, మాస్కుల పెట్టె, పుస్తకం జెరాక్సు ఉన్నాయి. సీసా మీద చేసిన తేదీ రాశాను. చూర్ణాలు రెండు మూడు నెలలకే వాసన కోల్పోతాయి కాబట్టి ఎక్కువ చేయలేదు. అడ్డసరం కొమ్మ తడి గుడ్డలో చుట్టి విడిగా ఇచ్చాం, అపార్టుమెంటు బాల్కనీలో ఎండ తగిలే చోట గుచ్చమని చెప్పాను.

మిగిలింది కరక్కాయ. అత్తయ్య ఇప్పటికే కాయలు పగలగొట్టి గింజ తీసేసి పెచ్చులు ఆరబెట్టారు. మందుకు పెచ్చే, గింజ కాదు. బుగ్గన పెట్టుకునే ముక్క ఎంత బరువుండాలో రేపు కాటా మీద చూడాలి. పెచ్చును నేతిలో వేయించాలా, ఉత్తదే వాడాలా అన్నది అత్తయ్యకూ వాళ్ళ చెల్లెలికీ ఫోనులో ఇంకా తెగలేదు.